మూడుచోట్ల ఒకే ఆకాశం

3, సోమవారం

ఇవాళ అత్తయ్య కుడికంటి కట్టు విప్పారు. బయటికి రాగానే వరండా గోడవంక చూసి, "ఈ ఆస్పత్రికి మొన్నీమధ్యే సున్నం వేశారా?" అని అడిగారు. వేసినట్టు లేదన్నాను. ఇంటికొచ్చాక మా గోడల్నీ అలాగే చూశారు. కాఫీ ఇస్తే తాగకుండా కప్పుని అటూ ఇటూ తిప్పారు.

"ఇది తెల్లకప్పా? ఇన్నాళ్ళూ మీగడరంగు అనుకుంటున్నానే."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ఇంకా ఎడమకన్ను ఉంది. ఇరవై నాలుగుకి రమ్మన్నారు. దాంట్లో శుక్లం బాగా ముదిరి గట్టిపడిందట. "ఇంతదాకా ఎందుకు ఊరుకున్నారమ్మా?" అని డాక్టరు అడిగితే, "కనపడకపోతే కదండీ రావడానికి. బొమ్మలు వేస్తూనే ఉన్నాను, పుస్తకాలు వస్తూనే ఉన్నాయి" అన్నారు అత్తయ్య. నేను కిటికీలోంచి కింద వరసగా పెట్టిన స్కూటర్లు చూస్తూ నిలబడ్డాను.

4, మంగళవారం

ఎడిటర్ ఫోన్ చేసింది. సూదులమామ పుస్తకాలు ఎనిమిదీ కలిపి ఒకే పెద్ద పుస్తకంగా వేస్తారట. అత్తయ్యకి చెప్తే ముఖం విప్పారింది. ఒంటిమీది ముళ్ళనే సూదులు చేసుకుని అడవిలో అందరికీ బట్టలు కుట్టిపెట్టే ఒక ముళ్ళపంది ఇన్నేళ్ళు బతుకుతుందని ఆవిడ కూడా అనుకోలేదు.

"ఫైళ్ళన్నీ ఒకచోట పెట్టక్కా, నేను తీసుకుంటాను" అంది ఎడిటర్. తంటా అంతా అక్కడే. అత్తయ్య ట్యాబ్ మీద వేసేవన్నీ ఆ ట్యాబ్ కంపెనీవాళ్ళ క్లౌడ్‌లోకి పోతాయి. నేను రంగులు సర్దినవి నా కంప్యూటర్‌కి కట్టిన క్లౌడ్‌లో ఉంటాయి. అచ్చుకి వెళ్ళినవి పబ్లిషర్ల క్లౌడ్‌లో. ఏ పేజీ ఎక్కడుందో వెతకడానికే రోజంతా సరిపోయింది.

"మూడు మబ్బులున్నాయన్నమాట. చినుకు మాత్రం రాలదు" అన్నారు అత్తయ్య, నా వెనక నిలబడి.

6, గురువారం

మా ఆయనకి ఫోన్లో గోడు వెళ్ళబోసుకున్నాను. గాలిమరల మరమ్మతు పని ఆయనది, నెలలో సగం రోజులు ఆ కొండమీదే. అక్కణ్ణుంచే ఒక ప్రోగ్రామ్ పేరు చెప్పారు. మూడు క్లౌడ్‌లనీ దానికి తగిలిస్తే చాలట. ఏ ఒక్కచోట బొమ్మ మారినా మిగతా రెండుచోట్లా అదే మారిపోతుంది. రెండుచోట్ల రెండు రకాలుగా ఉంటే, తేదీ చూసి చివర మారినదాన్ని ఉంచుతుంది.

"చివర మారినవి ఎవరివి? నీవేగా. నీ దగ్గరికొచ్చాకేగా పూర్తయ్యేది" అన్నారు.

అవును, నావే.

ఒక్క క్షణం ఆగాను. అత్తయ్య ట్యాబ్‌లో ఆవిడ వేసినవి పోయి నావి వచ్చి కూర్చుంటాయి కదా అనిపించింది. అయితే ఏం, పూర్తయిన పుస్తకాలు ఆవిడ మళ్ళీ తెరిచి చూడరు. "అయిపోయిన పెళ్ళికి బాజాలెందుకు" అన్నట్టుంటారు. తగిలించేశాను.

7, శుక్రవారం

అన్నిటికీ ఆకుపచ్చ టిక్కులు పడ్డాయి. హాయి.

9, ఆదివారం

ఏడో పుస్తకంలో చెరువు పేజీ పాడైంది. ఆకాశం సిరా ఒలికినట్టు ఉంది. సూదులమామ ముక్కు వంకాయరంగు. ఇది నేను సర్దకముందు ఉన్న బొమ్మ. ఎక్కణ్ణుంచి ఊడిపడిందో అర్థం కాలేదు. ప్రోగ్రామ్ తేదీలు తారుమారు చేసి ఉంటుంది. నాది మళ్ళీ ఎక్కించాను. మూడుచోట్లా బాగైంది.

ఎవరికోసమో రాస్తున్నట్టు రాయక్కర్లేదు గానీ, రాసుకుంటే నాకే తేటపడుతుంది. అయిదో పుస్తకం నుంచి అత్తయ్య బొమ్మల్లో నీలం పెరుగుతూ వచ్చింది. మొదట కావాలనే వేస్తున్నారనుకున్నాను. తర్వాత తెలిసింది, కంట్లో పొర పసుపు గాజులా అడ్డంపడితే నీలం కంటికి ఆనదట, ఆనేదాకా ఇంకా వేస్తూ పోతారట. నేను ఆ నీలాన్ని తగ్గించి, కాస్త ఎండ చల్లి పంపేదాన్ని. అచ్చయి వచ్చాక ఆవిడ పుస్తకం చూసి "ప్రెస్‌వాళ్ళు మళ్ళీ పసుపు పోశారు" అని విసుక్కునేవారు. ప్రెస్‌వాళ్ళంతే అత్తయ్యా అనేదాన్ని. ప్రెస్‌కి పంపేముందు రంగులు సర్దడం ఎవరైనా చేసేదే. అది పని.

10, సోమవారం

చెరువు పేజీ మళ్ళీ నీలం. దాంతోపాటు సంత పేజీ, వంతెన పేజీ.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి చాలాసేపు పాట విన్నాను. చివరికి ఒకమ్మాయి పలికింది. "ప్రోగ్రామ్ తనంతట తాను ఏదీ మార్చదు మేడమ్. ఎవరో ఒకరు తెరిచి మారిస్తేనే మిగతాచోట్లకి తీసుకెళ్తుంది" అంది.

మా ఇంట్లో ఎవరూ మార్చలేదన్నాను.

ట్యాబ్‌లో గడియారం తప్పుగా ఉందేమో చూడమంది. అత్తయ్య స్నానానికి వెళ్ళినప్పుడు చూశాను. సరిగ్గానే ఉంది. ఇప్పుడు సరిగ్గా ఉంటే ఎప్పుడూ సరిగ్గా ఉన్నట్టేనా? గడియారమే అయ్యుంటుంది.

12, బుధవారం

ఎడిటర్ నవ్వుతూనే అడిగింది. "ఏంటక్కా, నిన్న చూస్తే సూదులమామ ఊళ్ళో ఎండ కాస్తోంది, ఇవాళ చూస్తే చీకటి పడిపోయింది. ఏదుంచమంటావు?"

ఎండదే అన్నాను.

"అదీ. అందరూ మెచ్చుకున్నది ఆ ఎండనే కదా. కొత్త పుస్తకం అట్టమీద కూడా అదే వేస్తున్నాం. 'ఈ చిత్రకారిణి చేతిలో సాయంత్రపు ఎండ తేనెలా జారుతుంది' అని. అమ్మగారికి చెప్పు."

చెప్పలేదు. ఆ మాట ఎవరో పత్రికలో రాసింది. నేను కత్తిరించి దాచుకున్నాను. అప్పుడప్పుడు తీసి చదువుకుంటాను. అత్తయ్య గురించి రాసింది కాబట్టి దాచుకున్నాను.

13, గురువారం

అత్తయ్య పెద్దగా మాట్లాడటంలేదు. అన్నం కెలికి వదిలేస్తున్నారు. కంటి చుక్కలు నేను వేయబోతే "నేనే వేసుకుంటాలే" అన్నారు. మూడు చుక్కలు చెంపమీద పడ్డాయి, నాలుగోది కంట్లో పడింది.

పొద్దున కిటికీ దగ్గర అచ్చు పుస్తకం పట్టుకుని నిలబడ్డారు. ఒక కన్ను మూసి చూస్తారు, తర్వాత రెండోది మూసి చూస్తారు. కొత్త కన్ను అలవాటు చేసుకుంటున్నారు పాపం.

"ఈసారి కూడా ప్రెస్‌వాళ్ళు పసుపు పోస్తారంటావా?" అని అడిగారు, నావైపు తిరగకుండా.

"పోయొద్దని గట్టిగా చెప్తానత్తయ్యా" అన్నాను.

"ఊఁ" అన్నారు.

15, శనివారం

పేజీలు సర్దాను. పాలు స్టవ్ మీద పెట్టి వచ్చేసరికి మళ్ళీ మారుతున్నాయి. ఈసారి నా కళ్ళముందే. ఆకుపచ్చ టిక్కు పోయి, చిన్న చక్రం తిరిగి, ఎండంతా ఎవరో తుడిచేసినట్టు పోయి నీలం వచ్చింది. ఒక పేజీ. కాసేపటికి ఇంకో పేజీ.

పక్కగదిలో అత్తయ్య ఉన్నారు. ట్యాబ్ మీద పెన్ను తగిలినప్పుడల్లా టక్కుమంటుంది. టక్. నా తెర మీద చక్రం తిరిగింది. టక్.

పాలు పొంగి స్టవ్ అంతా పాడైంది. తుడుచుకుంటూ కూర్చున్నాను. ట్యాబ్ పాతబడిపోయింది. కొత్తది కొనాలి.

16, ఆదివారం

మా ఆయన ఫోన్. మాటల మధ్యలో, "అమ్మ బాగా నేర్చుకుందే. పోయిన ఆదివారం ఫోన్ చేసి, మారిపోయిన బొమ్మ పాత రూపం తెచ్చుకోవడం ఎలాగరా అని అడిగింది. క్లౌడ్‌వాళ్ళు కొన్నాళ్ళపాటు పాత ప్రతులు ఉంచుతారమ్మా, ఇక్కడ నొక్కు, అక్కడ నొక్కు అని చెప్పాను. ఒక్కసారి చెప్తే పట్టేసింది. నీకు చెప్పలేదా?" అన్నారు.

చెప్పారన్నాను.

17, సోమవారం

ప్రోగ్రామ్ తీసేశాను. మూడిటినీ విడదీశాను. నా దగ్గరా పబ్లిషర్ల దగ్గరా ఎండ పేజీలు పెట్టి తాళం వేసినంత పని చేశాను. ట్యాబ్‌లో ఏముంటే అది ఉండనీ. ప్రెస్ తేదీ దగ్గరపడుతోంది, జాగ్రత్త పడకపోతే ఎలా. ఇందులో దాచిందేం లేదు. అడిగితే చెప్తాను.

అడగకపోతే బావుండును.

18, మంగళవారం

మధ్యాహ్నం అన్నాలకి కూర్చున్నాం. అత్తయ్య మంచినీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టి, "ఎందుకు తెంపేశావు?" అన్నారు.

"ఏంటత్తయ్యా?"

"నాటకాలొద్దు. నేను మార్చినవి నీ దగ్గరికి పోయి మళ్ళీ ఎండతో తిరిగి రావటంలేదు. పొద్దున్నుంచీ చూస్తున్నాను."

ప్రోగ్రామ్ సరిగ్గా పనిచేయడంలేదని, తేదీలు తారుమారవుతున్నాయని చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ మధ్యలో ఆపలేదు. చివరిదాకా విన్నారు. నాకే మాటలైపోయాయి.

"కట్టు విప్పాక నా బొమ్మలెలా ఉన్నాయో చూసుకుందామని తెరిచాను. ఎంత బావున్నాయో. సాయంత్రాలు ఎంత బాగా వేశానో అని నాకు నేనే మురిసిపోయాను. తర్వాత మార్చిన తేదీలు చూస్తే వాటిమీద చివరి చెయ్యి నాది కాదు. నావి ఎక్కడున్నాయో అబ్బాయిని అడిగి తెచ్చుకున్నాను. చూసి వణుకొచ్చింది. గొడ్డు నీలం. శవాల్లా ఉన్నారు అందరూ, అయినా నావి కదా అని తిరిగి పెట్టాను. ఎన్నాళ్ళనుంచి?"

"అయిదో పుస్తకం నుంచి."

"అంటే నాలుగు పుస్తకాలు. ప్రతి బొమ్మకీ పిలిచి అడిగేదాన్ని, చూడవే సరిగ్గా ఉందా అని. బావుందనేదానివి."

"మీరు బాధపడతారని."

అప్పుడు ఆవిడ గొంతు మారింది. పెద్దగా అరవలేదు. అరిచినా బావుండేది.

"నా బాధ నీకెందుకమ్మా? నేను పడేదాన్నిగా. నీలం ఎక్కువైంది అత్తయ్యా అని ఒక్క మాట అని ఉంటే, అప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్ళేదాన్ని. బొమ్మలు బావున్నాయంటే కళ్ళూ బావున్నాయనుకున్నాను. నాకు ఇంకో కొలతేముంది? ఇప్పుడీ ఎడమది గట్టిపడిపోయింది, ఎలా వస్తుందో చెప్పలేమంటున్నాడు డాక్టరు. వాడి ముందు నిలబడి కూడా నువ్వు నోరు విప్పలేదు."

నేను కంచంలోకి చూస్తూ కూర్చున్నాను.

"ఇంకోటి చెప్పనా? నాకోసం చేశానంటున్నావు. మొదటి పుస్తకం నాకోసమే చేసి ఉంటావు. తర్వాతవి నీకోసం చేసుకున్నావు. నీకా ఎండ వేయడం ఇష్టం. బాగా వేస్తావు కూడా. అదే నాకు మింగుడుపడటంలేదు."

కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయారు. ఎప్పుడూ నా కంచం కూడా తీసేవారు. నాది అక్కడే ఉంది.

19, బుధవారం

మా ఆయనకి చెప్పాను. "అమ్మకి కోపం ఎక్కువసేపు ఉండదులే" అన్నారు. విషయం ఆయనకి అర్థం కాలేదు. నేను సరిగ్గా చెప్పలేదు కూడా. "రంగుల విషయంలో చిన్న మాటా మాటా" అని చెప్పాను. ఇందులో కూడా నీలం తగ్గించాను.

20, గురువారం

ఇంట్లో ఉండలేక వీధులన్నీ తిరిగాను. తాళాలు బాగుచేసే అతని దగ్గర ఊరికే నిలబడ్డాను. పళ్ళ దుకాణంలో ఏ పండు చూసినా దాని రంగు సరైనదేనా అని అనుమానం. కూర్చుంటే నిలబడాలనిపిస్తోంది, నిలబడితే నడవాలనిపిస్తోంది.

ఎడిటర్ మూడుసార్లు చేసింది. ఎత్తలేదు.

21, శుక్రవారం

పొద్దున అత్తయ్య నా గది తలుపు దగ్గరికొచ్చి, "నీ కంప్యూటర్ పట్టుకుని ఇలా రా" అన్నారు. మూడురోజుల్లో అదే మొదటి మాట.

బల్లమీద ట్యాబ్ పెట్టి ఉంది. అందులో చెరువు పేజీ, ఆవిడ నీలంతో. నన్ను కంప్యూటర్‌లో నా చెరువు పేజీ తెరిచి పక్కన పెట్టమన్నారు. చెయ్యి అడ్డం పెట్టి కొత్త కన్ను మూసుకుని, పాత కంటితో తన బొమ్మ చూశారు. తర్వాత పాత కన్ను మూసి, కొత్త కంటితో నాది చూశారు. మళ్ళీ ఇది, మళ్ళీ అది. నాకేమీ అర్థం కాలేదు. కోపంతో ఏదో చేస్తున్నారనుకున్నాను.

"ఒకటే" అన్నారు.

"ఏంటత్తయ్యా?"

"ఎడమకంటికి నాది ఎలా కనపడుతోందో, కుడికంటికి నీది అలా కనపడుతోంది. నేను వేసేటప్పుడు ఈ నీలమంతా చూడలేదే. నేను చూసింది ఇదిగో, నువ్వు వేసినట్టే ఉంది. ఎండ ఇక్కడే పడింది. ఇంత మెత్తగానే పడింది. నీకెలా తెలిసింది?"

తెలియదన్నాను. నిజంగా తెలియదు. ఆవిడ సాయంత్రాలు ఎలా వేస్తారో పాత పుస్తకాల్లో చూసి చూసి ఉన్నాను, అంతే.

ఆవిడ కుర్చీ లాక్కున్నారు. "సోమవారం ఈ కన్ను కూడా కోసేస్తారు. ఆ తర్వాత నేను వేసేటప్పుడు ఏం చూశానో చెప్పేవాళ్ళుండరు, నాతో సహా. ఈలోగా ఎన్ని అయితే అన్ని చూద్దాం. తర్వాతది తియ్యి."

22, శనివారం

పొద్దున కూర్చుంటే సాయంత్రందాకా అదే పని. ట్యాబ్ ఎడమవైపు, కంప్యూటర్ కుడివైపు. ఆవిడ కళ్ళు మార్చి మార్చి మూసుకుంటారు, నేను పేజీలు తిప్పుతాను. "ఒకటే" అంటే వదిలేస్తాం. "కాదు" అంటే ఆగుతాం.

చాలావాటికి ఒకటే. కొన్నిటికి కాదు.

ఆరో పుస్తకంలో సూదులమామ వాళ్ళమ్మ చనిపోయిన పేజీ దగ్గర ఆవిడ చాలాసేపు ఆగారు.

"ఇక్కడ నేను ఎండ వేయలేదు. ఎడమకంటికి కూడా ఇది చీకటిగానే ఉంది. వేయని ఎండ నువ్వెందుకు వేశావు?"

"పిల్లలు భయపడతారని."

"పిల్లలు కాదు. నువ్వు భయపడ్డావు. వాళ్ళమ్మ పోయింది, వాడికి ఎండెక్కణ్ణుంచి వస్తుంది? తీసెయ్."

తీసేశాను. ఆవిడ చెప్తుంటే నేను తగ్గించుకుంటూ పోయాను. ఇంకా, ఇంకా, ఆగు, కొంచెం వెనక్కి, అక్కడ. పూర్తయ్యాక పేజీ మొత్తం చూశాను. ఇది ఇలా ఉండాల్సిన పేజీ. ఇన్నేళ్ళుగా పుస్తకంలో పిల్లలు చూసింది వేరేది.

"సారీ అత్తయ్యా" అన్నాను.

"తర్వాతది తియ్యి" అన్నారు.

23, ఆదివారం

ఎనిమిదో పుస్తకం సగంలో ఉండగా ఆవిడ ఎడమకంట్లోంచి నీళ్ళు కారడం మొదలైంది. కాసేపు పడుకోమంటే వినలేదు. తుడుచుకుని మళ్ళీ చూస్తే అంతా చెదిరిపోతోందట. చివరికి ట్యాబ్ బోర్లించి పెట్టి, "ఆపరేషన్ ఓ రెండు వారాలు వెనక్కి జరపమని అడుగుదాం. డాక్టరుకి నువ్వు ఫోన్ చెయ్యి" అన్నారు.

మామూలుగా అయితే సరేనత్తయ్యా అనేదాన్ని. పెళ్ళయినప్పటినుంచీ నేను ఆవిడతో అన్న మాట అదొక్కటే.

"వద్దు" అన్నాను.

"ఏం?"

"ఇప్పటికే ముదిరిపోయిందన్నారు. రేపు వెళ్తున్నాం."

"నీకు చెప్తే అర్థం కావటంలేదా? ఆ కన్ను బాగైతే ఈ పేజీల్లో నేనేం చూశానో ఇక ఎవరికీ తెలియదు."

"తెలియకపోతే పోనివ్వండి. నాకు మీ కన్ను కావాలి, పేజీలు కాదు."

"నీకు కావాలా? ఇన్నాళ్ళూ ఏమైంది ఈ కావడం?"

నేను కదల్లేదు. "మీరు తిట్టండి, కొట్టండి. నేను ఫోన్ చెయ్యను. మిమ్మల్నీ చెయ్యనివ్వను" అన్నాను.

ఆవిడ నన్ను తేరిపారచూశారు. కొత్త కంటితోనే చూసి ఉంటారు. తర్వాత లేచి, ఆస్పత్రికి పట్టుకెళ్ళే సంచీ ఎక్కడుందని అడిగారు.

24, సోమవారం

కుడికన్ను అప్పుడు కాఫీ తాగివచ్చేలోపల అయిపోయింది. ఇవాళ చాలాసేపు పట్టింది. బెంచీమీద కూర్చున్నాను, లేచాను, నీళ్ళ కుళాయి దగ్గరికి వెళ్ళాను, వచ్చాను. డాక్టరు బయటికొచ్చి, "గట్టిగా ఉందమ్మా, కొంచెం కష్టమైంది. పూర్తిగా వస్తుందని చెప్పలేను, చూద్దాం" అన్నాడు.

ఇంతకుముందు వచ్చి ఉంటే? అని అడిగాను.

"అప్పుడైతే ఇదో పెద్ద పని కాదు" అన్నాడు.

దీన్ని ఇక్కడ ఇలాగే రాసి ఉంచుతున్నాను.

25, మంగళవారం

కట్టు విప్పారు. కనపడుతోందన్నారు అత్తయ్య. అంతే అన్నారు.

27, గురువారం

ఎడిటర్‌తో ఆవిడే మాట్లాడారు. స్పీకర్ పెట్టి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నాలుగు పుస్తకాల్లో రంగులు నా కోడలివమ్మా. నావనుకుని రాశారు పాపం ఆ పత్రికాయన. అట్టమీద నుంచి ఆ మాట తీసెయ్. ఎనిమిదో పుస్తకంలో సగం పేజీలు ఆపు, నేను మళ్ళీ వేసిస్తాను."

"అమ్మగారూ, ప్రెస్ తేదీ ఇచ్చేశాం" అంది ఎడిటర్.

"మార్చుకో."

ఎడిటర్ మెల్లగా, "అక్కా, నువ్వు ఉన్నావా అక్కడ? నిజమేనా?" అంది.

"నిజమే" అన్నాను. ఎడిటర్ పై నెలకి ఒప్పుకుంది, మనసులో మమ్మల్ని తిట్టుకునే ఉంటుంది.

ఫోన్ పెట్టేశాక అత్తయ్య అన్నారు, "ఇక నా బొమ్మలు నీ దగ్గరికి రావు. నేనే పూర్తిచేసి నేనే పంపుకుంటాను. బావున్నా బాగోకపోయినా నావి నావిగానే పోతాయి. ఎండ వేయాలని ఉంటే నీ బొమ్మలు నువ్వు వేసుకో."

కోపంగా అన్నారో, మంచిగా అన్నారో తెలియలేదు. అడగలేకపోయాను. ఫోల్డర్లు విడివిడిగా ఉన్నాయి. నా దాంట్లో ఏమీ లేదు. రోజంతా దాన్ని తెరిచి మూస్తూ ఉన్నాను.

29, శనివారం

మా ఆయన వచ్చారు. అంతా చెప్పాను, ఈసారి మొత్తం. "నేనూ చూశానే ఆ నీలం. నువ్వు చూసుకుంటున్నావు కదా అని వదిలేశాను" అన్నారు.

31, సోమవారం

బట్టలు మడతపెడుతుంటే పక్కగదిలో అత్తయ్య ఎడిటర్‌తో మాట్లాడటం వినపడింది. "ఎడమకన్నా? పనికొస్తుందిలే. ఓ పక్కన పొగలా ఉంటోంది, అటు పెట్టిన వస్తువు ఆనదు. ఫర్వాలేదు, బొమ్మలకి కుడిది చాలు. ఇంట్లో చెప్పలేదు. చెప్తే అది ఏడ్చుకుంటూ కూర్చుంటుంది."

అది అంటే నేనే.

చేతిలో దుప్పటి సగం మడతలో ఉంది. పూర్తిగా మడతపెట్టి లోపల పెట్టేద్దామనుకున్నాను. విననట్టు ఉండటం నాకు బాగా వచ్చు. దుప్పటి మంచంమీద పడేసి ఆవిడ గదిలోకి వెళ్ళాను. ఫోన్ అప్పుడే పెట్టేశారు.

"ఎటువైపు అత్తయ్యా పొగ?"

ఆవిడ ఏమీ ఎరగనట్టు చూడబోయారు. మానేశారు. "చెవి వైపు. ఎప్పుడూ ఉండదు" అన్నారు.

"ఎప్పుడూ ఉంటుందా, ఉండదా?"

"ఉంటుంది."

"కుడికన్ను మూసుకోండి."

అరచేయి అడ్డం పెట్టుకున్నారు. నేను ఆవిడ ఎడమవైపు నిలబడ్డాను. "ఇక్కడ కనపడుతున్నానా?"

"లేదు. భుజం ఒకటి తెలుస్తోంది."

ఆవిడ ముందువైపుకి ఒక అడుగు వేశాను. "ఇక్కడ?"

"ముఖం సగం. మసగ్గా."

"డాక్టరుకి ఇలాగే చెప్పాలి, ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా అని. రేపు వెళ్దాం."

"ఏడవవుగా?"

"ఏడుస్తాను. అయినా వెళ్దాం."

ఆవిడ పెదవి ఒక పక్కకి సాగింది. నేను ఇంకాస్త ముందుకి జరిగాను. అత్తయ్య అరచేయి తీయకుండా, ఆ కంటితోనే నన్ను వెతుక్కుంటూ, "ఇంకొంచెం ఇటు రా. ఇంకొంచెం. ఆఁ, అక్కడ. ఇప్పుడు ఆనుతున్నావు" అన్నారు.

అక్కడే కూర్చున్నాను.